గుంట తగిలిన బండి

శ్రీ విశ్వావసు నామ సంవత్సరం ఫాల్గుణ శుద్ధ పంచమి, ఆదివారం. అనగా 2026వ సంవత్సరం ఫిబ్రవరి నెల 22వ తేదీ. స్థలం రాజాం, ధాన్యం వ్యాపారి జగన్నాధం గారి మేడమీది ముందుగది. హాజరైనవారు: బండి అమ్ముతున్న నవీన్, అతని తండ్రి జగన్నాధం, నాయనమ్మ జగ్గమ్మ; బండి కొంటున్న సంహిత, విజయనగరంలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే ఆమె తండ్రి భావనారాయణ. హాజరు కానిది బండి ఒక్కటే. అది సముద్రాల అవతల, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, ఒక అరటితోట షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉంది.

ఆ దేశం వెళ్ళడానికి మనవాళ్ళకు ఈమధ్యనే ఒక కొత్త వీసా వచ్చింది. ముప్ఫై దాటనివాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే చీటీలు తీసినట్టు పేర్లు తీస్తారు. పేరు వచ్చినవాళ్ళు ఏడాదిపాటు అక్కడ తిరగవచ్చు. తిరుగుడు ఖర్చుకు తోటల్లోనో హోటళ్ళలోనో పనిచేసుకోవచ్చు. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ లాబులో ఖనిజపు పొడి పరీక్షిస్తూ, గోళ్ళలో నలుపు వదలక, కళ్ళముందు మరో రంగు లేక విసిగిపోయిన సంహిత తన పేరు కూడా ఆ చీటీల్లో వేసింది. పేరు వచ్చింది. వచ్చిన రోజున ఇల్లంతా ఎగిరి గంతులేసింది. మర్నాడు తెల్లవారేసరికి భయం పట్టుకుంది.

ఆమె భయమల్లా దారి గురించి. పని కుదిరిన అరటితోటకూ, ఉండబోయే ఊరికీ మధ్య బస్సు లేదు, ఆటో లేదు. సొంత బండి ఉన్నవాళ్ళనే పనిలోకి తీసుకుంటామని తోటవాళ్ళు ముందే చెప్పేశారు. ఇక్కడ బొబ్బిలి రోడ్డు మీద స్కూటీ ఆగిపోతే, దిగి హెల్మెట్ తీసేలోపే ఎవరో ఒకరు వచ్చి "ఏటైందమ్మా?" అంటారు. అక్కడ ఎంతసేపు నడిపినా ఎదురుగా మరో దీపం కనిపించదట. ఫోను పలకదట. సంహిత విజయనగరంలో డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది, అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకుంది. అయినా ఆ దారిని ఊహించుకున్నప్పుడల్లా స్టీరింగు పట్టుకున్న తన చేతులు మాత్రమే కనిపించేవి. ఆ చేతుల అవతల అంతా చీకటి.

అటువంటి సమయంలో నవీన్ ఫోను చేశాడు. అతను భావనారాయణ పాత శిష్యుడు. మొదటి విడతలోనే పేరు వచ్చి, అదే తోటలో పనిచేసి, ఏడాది నిండకముందే డిసెంబరులో తిరిగి వచ్చేశాడు. నాయనమ్మకు సుస్తీ చేసిందని వచ్చానన్నాడు. వస్తూ వస్తూ తన కారు షెడ్డులో వదిలి వచ్చాడట. పొడుగు డిక్కీ ఉన్న తెల్ల కారు. కావాలంటే వెనక పరుపు వేసుకుని పడుకోవచ్చు. కొనేది తెలిసినవాళ్ళ దగ్గర, బండి ఉన్నది పనిచేయబోయే చోటే. ఇంట్లో అందరూ దేవుడే పంపాడన్నారు.

నవీన్ బండి ఫొటోలూ వీడియోలూ పంపాడు, వాటి వెంట గొంతు రికార్డు చేసి సందేశాలూ పంపాడు. టైర్లు ఎలా చూసుకోవాలి, నీళ్ళ క్యాన్లు ఎన్ని పెట్టుకోవాలి, పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ఎందుకు నింపుకోవాలి అని ఓపికగా చెప్పేవాడు. ప్రతి సందేశం చివరా ఒకటే మాట: "పొద్దుగూకితే మాత్రం బండి తీకు అక్కా." మొదట్లో అది సంహితకు తోబుట్టువు జాగ్రత్తలా తోచింది. పోనుపోను ఆ మాట వచ్చేముందు అతని గొంతు కాస్త తగ్గడం, చెప్పాక ఊపిరి గట్టిగా పీల్చడం ఆమెకు వినిపించసాగాయి. తాను భయపడుతున్న దారికి అతనూ భయపడుతున్నాడు. తిరిగి వచ్చినవాడికి ఇంకా భయం ఎందుకు?

ఫొటోల్లో బండికి ముందువైపు ఎడమ పక్క ఒక సొట్ట కనిపించింది. అదేమిటని అడిగితే నవీన్ ఒక సందేశం పంపాడు. దాన్ని సంహిత తన తండ్రికి వినిపించింది. భావనారాయణ తలూపి, అమ్మకపు కాగితం రాయడానికి కూర్చున్నాడు.

*

"రండి మాస్టారూ, రండి. సీపురుపల్లి కాడి నుంచి రోడ్డు ఎలగున్నాది? అన్నీ గోతులే గదా?" అంటూ జగన్నాధం మెట్లదాకా ఎదురువచ్చాడు.

"గోతుల మధ్య అక్కడక్కడ రోడ్డు కూడా తగిలిందయ్యా," అన్నాడు భావనారాయణ.

జగన్నాధం పెద్దగా నవ్వాడు. కింద కొట్లో బస్తాలు దించుతున్న చప్పుడు, కొత్త గోనెసంచుల వాసన మెట్లవెంట పైకి వస్తున్నాయి. గడప పక్కన జగ్గమ్మ కాళ్ళు బారజాపుకుని కూర్చుని, చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. వంగిన నడుమే గాని చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి. మంచం పట్టిందన్న ముసలమ్మ ఈమేనా అని సంహిత ఒక్క క్షణం తికమకపడింది.

"ఈ గుంటేనేటి బండి కొంతాది?" అంది జగ్గమ్మ, సంహితను పైనుంచి కిందికి చూసి.

సంహిత నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా, ఈ ప్రాంతపు పెద్దవాళ్ళకు పెళ్ళికాని ఆడపిల్ల గుంటే.

"ఇంత సన్నగున్నావు, అంత దూరం ఎలగెలతావే అమ్మా? తోడెవులు?"

"ఎవరూ లేరు నాయనమ్మా. ఒక్కదాన్నే."

"ఓలమ్మ! పులులూ అయీ ఉంతాయేమో!"

"అక్కడ పులులుండవే, కంగారులుంటాయి," అన్నాడు జగన్నాధం. "కంగారుల దేశం పోతన్నావు గాని నువ్వు కంగారు పడకు సంహితమ్మా," అని తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు.

నవీన్ నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళమధ్య ఇరికించుకుని ఉన్నాడు. ఫొటోల్లో ఎండకు కమిలి దిట్టంగా కనిపించిన మనిషి, ఇక్కడ సగమయ్యాడు. సంహిత పలకరిస్తే "బాగున్నావా అక్కా" అని మళ్ళీ నేలచూపులు చూశాడు.

కాఫీలయ్యాయి. భావనారాయణ సంచిలోంచి కాగితం తీశాడు. తెల్లకాగితం మీద మార్జిను విడిచి, గీత గీసినంత తిన్నగా రాసిన సొంత దస్తూరి.

"ఆన్‌లైన్లో రెండు నొక్కుళ్ళు నొక్కితే బండి అక్క పేర మారిపోద్ది మాస్టారూ. మళ్ళీ ఈ కాగితం దేనికి?" అన్నాడు నవీన్.

"నీ నొక్కుడు నువ్వు నొక్కు. నా కాగితం నేను చదువుతాను. చదివి, అందరూ విని, నువ్వు సంతకం పెట్టాక నొక్కుదువుగాని."

"సదవనీరా. మాస్టారి తెలుగు ఇని ఎన్నాళ్ళయిందో," అన్నాడు జగన్నాధం.

భావనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"విజయనగరం వాస్తవ్యులు భావనారాయణ గారి కుమార్తె సంహితకు, రాజాం వాస్తవ్యులు జగన్నాధం గారి కుమారుడు నవీన్ తన పూర్ణ సమ్మతితో వ్రాసి ఇచ్చిన మోటారు బండి క్రయపత్రం ఏమనగా: నా స్వాధీనములో నుండి, ప్రస్తుతము ఆస్ట్రేలియా దేశమున నిలిపియున్న తెల్లని కారును ఈ దినము మీకు విక్రయించితిని. సదరు బండిపై ఎట్టి తగాదాలుగాని తాకట్టులుగాని లేవు. సదరు బండికి ముందుభాగమున ఎడమవైపు, గుంట తగిలినందున ఏర్పడిన సొట్ట కలదు. తక్కిన విధముల ఏ లోపమును..."

"ఆగండి బాబూ."

చేటలో జగ్గమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏ గుంట?" అంది. తలెత్తి మనవడి వంక చూసింది. "ఎవుల గుంటకి తగిలిందిరా?"

సంతకం కోసం నవీన్ పట్టుకున్న పెన్ను మూత కింద పడి మంచం కిందికి దొర్లింది. దాన్ని తీయడానికి అతను వంగలేదు.

"నీకు సెవుడొచ్చినాదే అమ్మా," అన్నాడు జగన్నాధం, కావలసినదానికంటే గట్టిగా. "గొయ్యి! గొయ్యి తగిలింది. మాస్టారు సదువుకున్నోరు, గొయ్యిని గుంటంతారు."

"గొయ్యైతే గొయ్యనే రాయాల."

"నిజానికి నేనూ గొయ్యి అనే రాద్దామనుకున్నాను," అన్నాడు భావనారాయణ, కాగితంలోకి చూస్తూ. "కాని అమ్మేవాడు ఏ మాట అన్నాడో ఆ మాటే పత్రంలో ఉండాలి. గుంట అన్నది నా మాట కాదు. నవీన్ మాట."

సంహిత ఇందాకటి మాటలు గుర్తుచేసుకుంది. మెట్లు ఎక్కివస్తున్నప్పుడు జగన్నాధం అడిగినది గోతుల గురించి. ఈ ఇంట్లో గొయ్యిని గొయ్యే అంటారు. గడపలో అడుగుపెట్టగానే ముసలమ్మ తనను పిలిచినది గుంట అని. ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడి నోట గుంట అంటే ఇంకొక అర్థం ఎందుకు ఉంటుంది?

"ఆడేటన్నాడో నీ పోన్లో ఉందేటమ్మా?" అంది జగ్గమ్మ. "ఉంటే నాకు ఇనిపించు."

సంహిత నవీన్ వైపు చూసింది. వద్దని అంటాడేమోనని చూసింది. అతను అనలేదు. ఆమె ఫోను తీసి, ఆ సందేశం వెతికి, నొక్కింది. ఎదురుగా పెదవి కదపకుండా కూర్చున్న మనిషి గొంతే ఫోన్లోంచి గదిలోకి వచ్చింది.

"ఆ సొట్టా అక్కా... అది గుంట తగిలింది. సీకటి పడతన్నాది, సెరుకు తోట మలుపు. గుంట అడ్డంగా వచ్చీసింది, సూసుకోనేదు. బండికేటీ అవనేదు. నువ్వు పొద్దుగూకితే మాత్రం బండి తీకు అక్కా."

ఇదే సందేశాన్ని సంహిత ఎన్నోసార్లు విన్నది. విన్న ప్రతిసారీ ఆమెకు కనిపించినది తారు ఊడిపోయి నోరు తెరిచిన ఒక రోడ్డు. ఇప్పుడు మాటలు అవే, రోడ్డు మీద ఉన్నది వేరు.

చిన్నప్పుడు తండ్రి చెప్పిన పాఠం ఒకటి ఆమెకు తలపునకు వచ్చింది. తెలుగులో మగవాడికి ఒక క్రియ. ఆడమనిషికీ రాయికీ రప్పకీ కలిపి మరొకటి. వాడు వచ్చాడు, అమ్మాయి వచ్చింది, గాలి వచ్చింది, బండి వచ్చింది. మగపిల్లవాడై, గుంటడు అని ఉంటే 'వచ్చీసినాడు' అని ఉండేది, ఎవరికీ అనుమానం ఉండేది కాదు. గుంట అడ్డంగా వచ్చీసింది. గొయ్యి అయినా అంతే. ఆడపిల్ల అయినా అంతే.

ఆమె ఫొటో తెరిచి పెద్దది చేసింది. సొట్ట బంపరు మీద లేదు, చక్రం దగ్గర లేదు. బానెట్ అంచున, హెడ్‌లైటు పైన, లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కన హెడ్‌లైటు మాత్రం మిగతా బండితో పొత్తు లేనంత కొత్తగా మెరుస్తోంది. ఈ ఫొటోను ఇన్నాళ్ళుగా చూస్తూనే ఉంది. ఆ మాట చెవిన పడి ఉండటంవల్ల కన్ను దీన్ని చూడలేదు.

"నవీన్," అంది. "గోతిలో పడితే చక్రం వంగుతుంది, అడుగు గీసుకుంటుంది. బానెట్ ఎందుకు నొక్కుకుపోయింది?"

"ఏటమ్మా ఇది, పోలీసు ఎంక్వయిరీ లాగ?" జగన్నాధం లేచి నిలబడ్డాడు. "ఇష్టముంటే కొనండి, నేపోతే మానీండి. పిలిచి కాపీ ఇచ్చినందుకు..."

"ఒరే జగన్నాదం, నువ్వు కూకో," అంది జగ్గమ్మ. "ఆడి నోట ఇనాల."

నవీన్ ఇంకా నేలవంకే చూస్తున్నాడు.

"నాను అబద్దమాడనేదు నానమ్మా," అన్నాడు. "గుంటనే సెప్పినాను. అక్క గొయ్యనుకుంది. అనుకోనీ అని ఊరుకున్నాను."

కింద ఎవరో హమాలీ బస్తా దించి "హమ్మయ్య" అన్నాడు. ఆ మాట మేడమీదికి స్పష్టంగా వినిపించింది.

"ఏమయింది బాబూ?" అని భావనారాయణ మెల్లగా అడిగాడు. తరగతిలో పాఠం అప్పజెప్పలేక నిలబడ్డ పిల్లవాడిని అడిగే గొంతు అది.

"సెరుకు తోటలు మాస్టారూ, మన సంకిలి కాడ ఉన్నట్టే ఉంటాయి, రెండేపులా మనిసెత్తు. మజ్జిలోంచి సైకిలు మీద వచ్చీసింది. పదమూడో పద్నాలుగో ఉంటాయి. బ్రేకేసినాను. తగిలీసింది." అతను కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "కొంచెం ముందరకెళ్ళి ఆపినాను. అద్దంలో సూసినాను. లేచి కూకుంది. కూకుంది అక్కా, నాను సూసినాను. సీకటైపోనాది గాని కూకున్నట్టే ఉన్నాది."

"దిగావా?" అంది సంహిత.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి ఆ తరవాత?"

"రోజూ అక్కడి పేపర్లు సూసినాను. ఏటీ రానేదు. ఆ దారంట మళ్ళీ పోనేదు. బండి షెడ్డులో ఎట్టీసి, వచ్చీసినాను."

కూర్చున్నట్టే ఉంది. ఆ 'నట్టే'ను సంహిత వదిలిపెట్టలేకపోయింది. లేచి కూర్చున్న పిల్లకూ, లేచి కూర్చున్నట్టు ఉన్న పిల్లకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. చెరుకు మలుపు దగ్గర, ఆ చీకట్లో, ఒక సైకిలు చక్రం ఇంకా తిరుగుతూనే ఉన్నట్టు ఆమెకు అనిపించింది. ఆ మలుపు మీదుగానే రోజూ తాను పనికి వెళ్ళాలి. చిన్న ఊరు. కూరలు కొంటున్నప్పుడో పెట్రోలు పోయిస్తున్నప్పుడో ఎవరో ఒకరు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడతారు. ఆ పిల్ల తల్లే కావచ్చు. "ఈ బండి నీదేనా?" అని అడుగుతారు. కాగితం ప్రకారం తనదే.

"అయిపోయినదాన్ని తవ్వకండి మాస్టారూ," అన్నాడు జగన్నాధం. అతని గొంతులో కోపం దిగిపోయింది. సంగతి అతనికి ముందే తెలుసునని ఆ దిగిపోవడంలోనే బయటపడింది. "బండి అక్కడున్నాది, మనమిక్కడున్నాం. ఆ గుంటకి ఏటైనా అయ్యుంటే ఈపాటికి మావోడికోసం వచ్చీసుందురు కాదేటి? ఇదిగో సంహితమ్మా, నువ్వు డబ్బులేటీ ఇవ్వొద్దు. ఊరికే తీసుకో. సొట్ట తీయించీసి, రంగేయించీసుకో. నీకు బండి అవసరం గదా."

ఊరికే ఇస్తానన్న మాట సంహితకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది. అంతవరకూ అది అమ్మకం. ఇప్పుడు ఇంటిలోంచి ఏదో ఒకటి బయటికి తోసేసి తలుపు వేసుకోవడంలా ఉంది.

"కాగితం కూడా మార్చక్కర్నేదు," అన్నాడు జగన్నాధం, భావనారాయణ మోకాలి మీద చెయ్యివేసి. "గుంట తగిలిందనే ఉండనీండి. అబద్దం కాదు గదా. గొయ్యనుకునేవోడు గొయ్యనుకుంటాడు."

భావనారాయణ కాగితం వంక చూశాడు. సంహిత తన తండ్రి ముఖం చూస్తోంది. ఆ ముఖంలో ఏం నడుస్తోందో ఆమెకు తెలుసు. విమానం టికెట్టు కొన్నారు. ఆ తోటలో తప్ప మరెక్కడా పని కుదరలేదు. బండి లేకపోతే పని లేదు, పని లేకపోతే ఆ దేశంలో నిలబడటానికి డబ్బు లేదు. వచ్చిన పేరు మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. కూతురు చీకట్లో నడిచి వెళ్ళడం ఒకవైపు, కూతురు ఆ బండిలో వెళ్ళడం ఒకవైపు.

"రెండర్థాలు చెల్లుతాయి," అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, కాగితంతో అన్నట్టు. "భాషాపరంగా చూస్తే దోషం లేదు."

ఆ మాటకు సంహిత తండ్రి వైపు తిరిగింది. వయసొచ్చాక ఆమె తండ్రి వల్ల భయపడటం అదే మొదటిసారి. తప్పుడు సంధి కనిపిస్తే పెళ్ళి శుభలేఖనైనా దిద్ది వెనక్కి పంపే మనిషి, తన కోసం, ఒక ఆడపిల్లను గొయ్యిగా మార్చడానికి సిద్ధపడుతున్నాడు.

"నాన్నా, ఆ మాట కొట్టేయండి."

"కొట్టేస్తే..."

"నాకు ఈ బండి వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు."

"మరి పని? దారి?"

"తెలీదు." నిజంగానే తెలియదు. అలా అన్నాక ఆమెకు ధైర్యమేమీ రాలేదు. "అక్కడికి వెళ్ళాక ఇంకెవరితోనైనా కలిసి పోతాను. లేకపోతే వెనక్కి వస్తాను. కాని నవీన్, నువ్వు రాసి ఇవ్వాలి. జరిగింది జరిగినట్టు. ఇంగ్లీషులోకి నేను మారుస్తాను. ఇవాళే ఆ ఊరి పోలీసులకు పంపుదాం."

"ఏటీ!" జగన్నాధం కుర్చీ వెనక్కి తోశాడు. "మావోడిని జైల్లో ఎట్టిస్తావా? నీకు బండి ఇస్తానన్నందుకు మా కొంపకి నిప్పెడతావా? ఒరే నవీనూ, నువ్వు లోపలికి పో."

నవీన్ కదలలేదు.

"ఆ గుంటకి అమ్ముండదేట్రా?" అంది జగ్గమ్మ. ఆమె అరవలేదు. చేట పక్కకు జరిపి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. "మనింటి గుంటని ఎవులో గుద్దీసి పోతే, ఆడెవుడో తెలీక నువ్వు పొద్దస్తమానం ఈధిలో కూకుందువు. పైగా నా పేరు సెప్పుకొచ్చీసినాడా ఈడు? నానమ్మకి బాగోనేదని? నాకేటైంది? ఇన్నాళ్ళూ నా వొంక ఎట్టుకుని తొంగున్నావేట్రా?"

"తొంగోనేదు నానమ్మా," అన్నాడు నవీన్. "కళ్ళు మూస్తే బానెట్ మీద ఆ సప్పుడే." అతను మొదటిసారి తలెత్తి సంహితను చూశాడు. "పోలీసులకి పంపితే, ఆ గుంట బతికున్నాదో నేదో సెప్తారా అక్కా?"

"అడుగుదాం."

"సెప్తారంటే రాస్తాను."

"చెప్తారో లేదో నాకు తెలీదు నవీన్."

అతని చూపు ఆమె ముఖంమీదే నిలిచింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండునన్నట్టు చూశాడు. తరవాత వంగి, మంచం కిందికి చెయ్యిపెట్టి పెన్ను మూత వెతికి తీశాడు.

"రాయండి మాస్టారూ. నాకు దస్తూరి బాగోదు. నాను సెప్తాను, మీరు రాయండి. నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి, నేపోతే ఒప్పుకోరు."

భావనారాయణ క్రయపత్రాన్ని నిలువునా రెండుగా చింపాడు. ఆ చప్పుడుకు జగన్నాధం ముఖం తిప్పుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. కొత్త కాగితం తీసి భావనారాయణ తేదీ వేశాడు, ఊరు వేశాడు. నవీన్ చెప్పడం మొదలుపెట్టాడు. తోట పేరు, రోడ్డు పేరు, మలుపు, వేళ. మధ్య మధ్య ఆగిపోయేవాడు. "గుంట" అన్న చోట భావనారాయణ పెన్ను ఆపి, అతని ముఖంలోకి చూసి, "ఆడపిల్ల అని రాస్తున్నాను," అన్నాడు. నవీన్ తలూపాడు. "నేను దిగలేదు" అన్న వాక్యం దగ్గర అతని గొంతు పూర్తిగా పోయింది. ఆ రెండు మాటలూ పెదవుల కదలికను బట్టి భావనారాయణ రాసుకున్నాడు.

రాతంతా అయ్యాక చదివి వినిపించలేదు. నవీన్ తనే తీసుకుని, పెదవులు కదుపుతూ ఒక్కో వరుసా చదువుకున్నాడు. కింద సంతకం పెట్టాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సాక్షిగా భావనారాయణ పెట్టాడు, సంహిత పెట్టింది. జగ్గమ్మ తనకూ ఇమ్మంది. కొట్లోంచి సిరాపెట్టె తెప్పించారు. వేలికి అంటుకుని ఎంత తుడిచినా పోని చింతపండు జిగురుతో సహా ఆమె బొటనవేలి ముద్ర కాగితం మీద పడింది. జగన్నాధం పేరు రాసి ఖాళీ విడిచిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. అతను కిటికీ దగ్గరనుంచి కదలలేదు. సంహిత అడగలేదు. ఆ వెడల్పాటి వీపు వైపు చూడటానికి కూడా ఆమెకు భయంగానే ఉంది.

ఆమె ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి ఫొటో తీసుకుంది. ఇక ఆ ఊళ్ళో దిగేసరికి తన పేరు అక్కడి పోలీసులకు తెలిసి ఉంటుంది. గుద్దినవాడి తరఫు మనిషి అనుకుంటారో, పట్టి ఇచ్చిన మనిషి అనుకుంటారో. దిగిన పూటే ఎవరైనా ఎదురువచ్చి, ఆ పిల్ల ఏమయిందో చెబుతారు. ఏం చెబుతారో.

సిరా ఆరిందో లేదో వేలి కొసతో తాకి చూసింది. అంచులు కలిపి ఒకసారి, మళ్ళీ అడ్డంగా ఇంకొకసారి మడిచి, సంచి లోపలి అరలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగింది.